తప్పు లైను లేదు

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి శాస్త్రవేత్త గోడకి ఆనుకుని నిలబడే చచ్చిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క. చేతిలో ఫోను, అవతల చీఫ్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"చివరగా ఏమన్నాడు సార్?" అడిగాడు ఏజెంట్. ఎవరి కంటా పడకుండా పాకిపోతాడు గనక ఆఫీసంతా అతన్ని నత్త అంటారు.

"'తప్పు లైను లేదు' అన్నాడు, అంతే," అన్నాడు చీఫ్. "మందు ఒంట్లో దేన్ని పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది, ఎలా బయటికి పోతుంది, ఇదంతా కంప్యూటరుకి చెప్పడానికి ఆయనో భాష కట్టాడు. లైనుకో రూలు. ఏ లైను పని ఆ లైనుదే. ఆ లెక్క చూసి ఆస్పత్రి పంపు మందు ఎక్కిస్తుంది. పరదేశి ముఠా అందులో చెయ్యి పెట్టింది. మధ్యాహ్నం పన్నెండుకి నలభై మందికి డోసు."

"పంపు ఆపేస్తే?"

"గుండెలు ఆగుతాయి. మందు పడాలి, సరిగ్గా పడాలి." చీఫ్ కళ్ళు దించుకున్నాడు. "ఏడో బెడ్డు మీ అక్క."

పదకొండూ యాభైకి నత్త ఏసీ మెకానిక్ వేషంలో గ్యాస్ డబ్బా భుజాన వేసుకుని శాస్త్రవేత్త ల్యాబ్‌లోకి వచ్చాడు. లోపల మన ఇన్ఫార్మర్ ఉంది. ఆవిడ నవ్విందంటే గార్డులు తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోయేవారు.

"గాలి రావట్లేదా మేడమ్?"

"వస్తోంది గానీ చల్లగా లేదు." కోడ్ సరిపోయింది. "నీ తిప్పలు దండగ బాబూ. ఇందులో ఉన్న ప్రతి లైనూ పాత కాపీలో ఉన్నదే. అన్నీ నిజాలే."

నత్త స్క్రీను మీద వేలు పెట్టి చదివాడు. 'మందు కిడ్నీ దాకా వస్తే బయటికి పోతుంది.' ముప్పయ్యో లైను. డెబ్బయ్యోదీ అదే. నూట పదీ అదే. నూట ఎనభయ్యోదీ!

"ఇదేంటి మేడమ్, నాలుగుసార్లుంది?"

"చెప్పిందే చెబితే అర్థం మారిపోతుందా ఏంటి?" అని నవ్వింది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులోకి పోయింది.

మన మాటల్లో అయితే మారదు. ఈ భాషలో ఏ లైనుకా లైను విడిగా పనిచేస్తుంది. నాలుగుంటే మందు నాలుగింతల వేగంతో పోతోందని పంపు నమ్ముతుంది, నాలుగింతలు ఎక్కిస్తుంది!

సూది మెరిసింది. నత్త డబ్బా మూత తిప్పి గ్యాసు ఆవిడ ముఖాన కొట్టాడు. ఆవిడ దగ్గుతూ కూలబడింది. ఒక లైను చెరిపాడు. రెండోది. మూడోది. పన్నెండుకి రెండు సెకన్లుండగా సేవ్ నొక్కాడు.

పంపు మెల్లగా, చుక్కచుక్కగా కదిలింది.

కాసేపటికి నర్సు ఫోను. "ఏడో బెడ్డావిడ కళ్ళు తెరిచిందండీ. తమ్ముడు ఏమైనా తిన్నాడా అని ఒకటే గోల."

ఆ వెంటనే చీఫ్. "భేష్ రా నత్తా! రిపోర్టు నాలుగు కాపీలు పంపు."

"ఒక్కటే పంపుతా సార్," అన్నాడు నత్త. "మిగతా మూడూ చెరపడానికి ఇవాళ నాకు ఓపిక లేదు."