పొయ్యి అడుగున కోర

గుమ్మంలో నిలబడ్డ ఆమె కాళ్లకు మోకాళ్లదాకా బురద. చెప్పులు చేతిలో పట్టుకుంది. కూర్చోమని హారాధన్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డిటెక్టివ్ బాబు మీరేనా? నా పేరు లతికా మండల్. నోనాఘేరి దీవి మాది. రేపు మధ్యాహ్నం ఏట్లో పాటు మొదలై పడవ బయల్దేరేలోగా నేను ఊరొదిలి పోవాలట. పోకపోతే మా ఆయన అడవిలోంచి తిరిగి రాడట."

అవనీశ్ సర్ఖేల్ చేతిలోని టీ కప్పు కింద పెట్టాడు. ఇరవై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి, పశువులకన్నా మనుషుల జబ్బులే చిత్రంగా ఉన్నాయని ఆ ఉద్యోగం మానేసి, క్యానింగ్ రైల్వే స్టేషన్ వెనక సందులో ఈ గది తీసుకున్న మనిషి. సహాయకుడు హారాధన్‌కు యాభై దాటాయి. అతనికి దేవుడి మీద ఎంత గురో సర్ఖేల్ తెలివి మీద అంతకు రెట్టింపు గురి.

"పొమ్మన్నదెవరమ్మా?"

"గుణిన్ మోతీ గాయెన్. తేనె కోసం అడవికెళ్లే పడవ అక్కడి ఒడ్డుకు చేరగానే, ముందు దిగి కీడు తగలకుండా మంత్రం వేసేది ఆయనే. ఆయన కాదంటే పడవ కదలదు. రేపు ఆయనతో కలిపి ఆరుగురు వెళ్తున్నారు, అందులో మా ఆయన ఒకడు. మగవాళ్లు అడవికి బయల్దేరేముందు పాత పొయ్యి తవ్వేసి కొత్తది వేయడం మా ఇంటి ఆనవాయితీ, మా అత్త పెట్టింది. నిన్న పార పట్టింది నేనే. రెండు పారల మట్టి తీశానో లేదో, కోర! మొన పైకి పెట్టుకుని మట్టిలో నిలబడి ఉంది."

"ఏ జంతువుది?" అన్నాడు హారాధన్.

"ఇంకెవరిది బాబూ? మామది."

ఆ దీవుల్లో పులిని పేరు పెట్టి పిలవరు, మామ అంటారు. పిలిస్తే పలుకుతుందని భయం.

"బయటికి తీసి చూశారా?" సర్ఖేల్ అడిగాడు.

"అమ్మో! ఎవరు ముట్టుకుంటారు? గుణిన్ దాని మీద కుండ బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఆ పొయ్యి దగ్గర కూర్చునేది నేను కాబట్టి మామను పిలుస్తున్నదీ నేనేనట. మొగుణ్ణి మింగేదాన్నట. ఈ పేరు మోసుకుని వెళ్తే పుట్టింట్లో మాత్రం నన్నెవరు రానిస్తారు సార్?"

"మీ ఆయన ఏమంటాడు?"

"ఏమీ అనడం లేదు. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది."

"అత్తగారు?"

"పడవ ఆపండి, పడవ ఆపండి... ఆమెది ఒకటే పాట. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ లాంచీ ఎక్కారు. ఏటి ఒడ్డున పొద కదిలినప్పుడల్లా హారాధన్ సర్ఖేల్‌కు మరి కాస్త దగ్గరగా జరిగాడు.

"సార్, అది నిజంగానే మామది అయితే?"

"అయితే దాని నోట్లోంచి పన్ను పీకిన మొనగాడెవడో చూడాలి హారాధన్. నాకంటే అతనికే ఫీజు ఎక్కువివ్వాలి."

హారాధన్‌కు నవ్వు రాలేదు.

నోనాఘేరిలో మండల్ వాళ్ల వాకిలినిండా జనం. కాని బోర్లించిన కుండకు పది అడుగుల లోపల ఎవరూ అడుగుపెట్టడం లేదు. అత్తగారు శైలబాల ఒక్కతే ఆ కుండ పక్కన కూర్చుని చేటలో మరమరాలు చెరుగుతోంది. ఉప్పునీళ్లలో నాని నాని ఆమె పిక్కలు తెల్లగా పుళ్లు పడి ఉన్నాయి. వెనక కంచె మీద రొయ్యపిల్లలను పట్టే నీలం నైలాను వల ఆరుతోంది. పాపం, ముసలావిడకు భయంతో మతి పోయిందనుకున్నాడు హారాధన్.

మోతీ గాయెన్ పొడుగాటి మనిషి, గడ్డం నెరిసింది. సర్ఖేల్ సూటిగానే అడిగాడు.

"ఈ అమ్మాయి వెళ్లిపోతే మీకేం ఒరుగుతుంది?"

"నాకా? పడవెక్కిన ప్రతివాణ్ణీ బతికించి తేవాల్సింది నేను బాబూ. ముప్పై ఏళ్లలో ఇద్దర్ని పోగొట్టుకున్నాను. ఇప్పటికీ వాళ్ల ఇళ్ల ముందునుంచి నడవలేను." ఆ మాట అంటూ అతను శైలబాల వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"కోరను సరిగ్గా చూశారా?"

"మొన చూశాను. చాలదూ?"

సర్ఖేల్ ముసలావిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఇది ఎవరిదంటారు?"

"నేనేం చెప్పను? అందరూ చెబుతున్నారుగా."

"ఏట్లో వల లాగేది మీ కోడలా?"

"దాన్ని నీళ్లలో దిగనిస్తానా? ఆ నీళ్లలో ఏముందో నాకు తెలుసు. నేనే లాగుతాను."

సర్ఖేల్ కుండ ఎత్తి పక్కన పెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అడవి తల్లీ, బోన్‌బీబీ!" అని ఎవరో గట్టిగా అరిచారు. అతను ఆ మొనను పట్టుకుని లాగుతూంటే హారాధన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఆకాశం విరిగి మీద పడలేదు. సర్ఖేల్ ఆ పన్నును తిరగేసి, భూతద్దంలో చూస్తూ గుండుసూదితో లోపల కెలుకుతున్నాడు.

"అందరూ ఇలా దగ్గరికి రండి. ఇది కరవదు," అన్నాడతను.

జనం రెండడుగులు ముందుకు జరిగారు.

"మామ కోరకు చిగుళ్లో దిగే వేరు ఉంటుంది. బయటికి కనిపించే మొనకన్నా అదే పొడుగు, చివరిదాకా గట్టిగా ఉంటుంది. దీనికి వేరన్నదే లేదు. అడుగున గరాటులా డొల్ల. ఇది మొసలి పన్ను. మొసలికి బతికినన్నాళ్లూ పళ్లు రాలుతూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. రాలినవి ఏటి అడుగున పడి ఉంటాయి. మీరెవరూ ముట్టుకోలేదు, తిరగేసి చూడలేదు. అందుకే మొన చూసి మామ అనుకున్నారు."

"మొసలి పన్ను పొయ్యి కిందికి ఎలా వచ్చింది?" అన్నాడు మోతీ.

"నడిచి రాలేదు. పొయ్యి కింద మట్టి కాలి ఎర్రబారింది. ఈ డొల్లలో మాత్రం ఏటి బురద ఉంది, బూడిదరంగులో. ఆ బురదలో ఇదిగో, ఈ పోగు." గుండుసూది కొసన నీలం దారప్పోగు వేలాడుతోంది.

అందరి చూపులూ కంచె మీది వల వైపు తిరిగాయి.

"ఇంకోమాట. ఈ ఇంటికి కీడు తలపెట్టినవాడైతే పడవ వెళ్లాక బయటపడేట్టు పెడతాడు. ఇది పడవ వెళ్లకముందే దొరకాలని పెట్టారు. పొయ్యి ఏ రోజు తవ్వుతారో తెలిసినవాళ్లు పెట్టారు. లతికమ్మను సాగనంపడానికి కాదు, పడవ ఆపడానికి. ఊరంతా ఈ కుండకు భయపడి దూరంగా నిలబడితే, ఒక్కరే దాని పక్కన కూర్చుని మరమరాలు చెరుగుతున్నారు."

శైలబాల చేట కింద పెట్టింది.

"ఇరవై రెండేళ్లయింది బాబూ. ఇలాగే చైత్రంలో వీడి నాన్న వెళ్లాడు. తుండుగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు. మొగుణ్ణి తిన్నదని నన్ను చేటలతో తరిమారు. ఇప్పుడు వీడు వెళ్తానంటే ఏడ్చాను, వీడి కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. భయపడితేనన్నా ఆగుతాడనుకున్నా. తీరా చేసి, ఇదంతా దీని నెత్తిన రుద్దుతారని నాకు తట్టలేదు. నా నెత్తిన రుద్దినవాళ్లేగా! నాకే ఎందుకు తట్టలేదు?" ఆమె కోడలి వైపు చూడలేకపోయింది.

మోతీ తాను గీసిన గీతను కాలితో చెరిపేశాడు. "వదినా, పిల్ల ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు. ఆపైన ఏటి వైపు చూసి, "పాటు మొదలైంది. నిరాపదా, నడు," అన్నాడు.

ఇంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న లతిక భర్త మూట భుజాన వేసుకున్నాడు.

ముసలావిడ సర్ఖేల్ చెయ్యి పట్టుకుంది. "పన్ను ఎవరిదో చెప్పావు. నా కొడుకు తిరిగొస్తాడో లేదో కూడా చెప్పు బాబూ."

"అది నాకు తెలియదు పెద్దమ్మా," అన్నాడు సర్ఖేల్. ఆ మాట సర్ఖేల్ నోట వినడం హారాధన్‌కు మొదటిసారి. అప్పుడతనికి అడవి భయం నిజంగా వేసింది.

లతిక వచ్చి సర్ఖేల్ అరచేతిలోంచి ఆ పన్ను తీసుకుంది. వాకిలి దాటే చోట, దారికి అడ్డంగా, మొన పైకి పెట్టి మట్టిలో గుచ్చింది. పక్కనే చతికిలబడింది.

"అత్తా, ఈయన్ని ఆపే దారి నీకు తట్టింది, నాకు తట్టలేదు, అంతే తేడా," అంది. తర్వాత మొగుడి వైపు తల ఎత్తింది. "ఇది మొసలిదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాటు. దాటి వెళ్లు, చూస్తాను."

శైలబాల లేచి వచ్చి రెండోవైపు కూర్చుంది. నిరాపద ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అక్కడే ఆగింది.

లాంచీ వచ్చేసిందని ఎవరో కేకేస్తే సర్ఖేల్, హారాధన్ పక్కదారిన రేవుకు పరుగెత్తాల్సి వచ్చింది. ఏటి నడుమకు వచ్చేసరికి తేనె పడవ వాళ్లను దాటుకుని అడవివైపు సాగిపోయింది. ముందు మోతీ గాయెన్ నిలబడి, చేతులు జోడించి ఏదో చదువుకుంటున్నాడు.

"దూరపు చూపు కళ్లద్దాలు క్యానింగ్‌లోనే మర్చిపోయాను. ఎంతమంది ఉన్నారు హారాధన్?" అన్నాడు సర్ఖేల్.

హారాధన్ ఒకసారి లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు.

"ఐదుగురే సార్."