జానెడు దూరంలో ఆగిన బండి

2024 అక్టోబరు పన్నెండు. ఆ తేదీ విజేందర్‌కు ఇప్పటికీ గుర్తే. దసరా కావడం ఒక కారణం. నాలుగు గారెలు, గిన్నెడు మటన్ కూర తిని ఐదో గారె అందుకుంటుండగా షాపు ముందు వ్యాను ఆగడం రెండో కారణం.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ముందు సైకిల్ షాపు, వెనుక రెండు గదుల ఇల్లు. ఉండేది ఇద్దరే, విజేందర్, వాళ్ల బాపు బీరప్ప.

వ్యానులోంచి ఒక అమ్మాయి దిగి, ఎర్ర సైకిలొకటి, నీలం సైకిలొకటి దించింది. రెండూ లావు టైర్ల కొండ సైకిళ్లు. విజేందర్ ఆశగా నీలం బండి చక్రం మీదికి చెయ్యి చాచాడు.

"ఆగున్రి! ఆ చెయ్యితోని డిస్కు ముట్టుకుంటరా?"

విజేందర్ తన చెయ్యి చూసుకున్నాడు. మణికట్టు దాకా మటన్ కూర మెరుస్తోంది.

"పండుగ పూట ఇంటికొచ్చి కొట్లాడుతున్నరు. గారెలు తింటరా?"

"ముందు చెయ్యి కడుక్కోన్రి. సబ్బుతోని."

ఆమె పేరు సుమన. పాలమూరు అమ్మాయి, మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. ఊరవతల గుట్ట దగ్గర కాలేజీ ఆడపిల్లలకు కొండ సైకిళ్లు నేర్పే క్యాంపు మొదలవుతోంది. అక్కడికి కొనే ఇరవై సైకిళ్లకు ఏ బ్రేకులు వేయాలో తేల్చే పని ఆమెది. ఫోన్‌లో ఇద్దరూ మూడుసార్లు మాట్లాడుకున్నారు. అడిగే ప్రశ్నలను బట్టి ఆమెకు యాభై ఏళ్లుంటాయని అతను అనుకున్నాడు. చెప్పే జవాబులను బట్టి అతనికి అరవై ఉంటాయని ఆమె అనుకుంది. ఆ లెక్కలు తప్పినందుకు ఇద్దరూ లోలోపల ఒకరినొకరు క్షమించుకున్నారు.

"ఎర్ర బండికి బ్రేకు బాగానే ఉంది కదా, మీరెందుకు వద్దన్నరు?"

"బ్రేకు మంచిదే మేడం. రెండిట్ల తీగె ఉండదు, లోపలి ఆయిలే ప్యాడ్లను నెట్టి డిస్కును పట్టుకుంటది. కని ఎర్రదాని ఆయిల్ గాలిల తేమను పీలుస్తది. ఏడాదికోసారి మార్చాలె, దానికి హైదరాబాద్ పోవాలె. నీలందానికి నేను చెప్పిన బ్రేకుల మినరల్ ఆయిల్, తేమ పీల్చదు. గిక్కడ్నే నేను మారుస్త."

"అంటే మీ షాపుకు గిరాకీ కోసమా?"

"గది గూడ."

ఆమె నవ్వు దాచుకుని నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. ఎర్ర బండిని వ్యానులో వేసుకుని, రెండు వీధుల అవతల మేనత్త ఇంటికి వెళ్లిపోయింది. నీలం బండి షాపులో మిగిలింది.

విజేందర్ మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చున్నాడు. బ్రేకులు బిగించాడు. పైపులోని గాలి బుడగలన్నీ పోయేదాకా ఆయిల్ ఎక్కించాడు. బ్రేకు లివర్‌ను ఒక్క వేలితో నొక్కితే గట్టిగా నిలిచింది. సాయంత్రం జమ్మి కోసం దోస్తులతో వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున గుట్ట దారిలో పరీక్ష. రోడ్డుకు అడ్డంగా ముగ్గుతో గీత గీశారు. ఇరవై ఐదు స్పీడులో దిగుతూ గీత మీద బ్రేకు పట్టాలి, ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలవాలి. ఎర్ర బండి నాలుగున్నర మీటర్లకు నిలబడింది.

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలని, సుమన నీలం బండిని ముందు ఇరవైసార్లు మెల్లగా ఆపి చూసింది. ప్రతిసారీ అది మేక అరిచినట్టు అరిచింది. ఇక అసలు పరీక్షకు గీత మీద బ్రేకు పట్టింది. బండి అరుచుకుంటూ తొమ్మిది మీటర్లు పోయి తంగేడు పొదలో దూరింది.

విజేందర్ పరుగెత్తాడు. ఆమె పొదలోంచి లేచింది. దెబ్బేం తగల్లేదు. జుట్టు నిండా తంగేడు పూలు. ఆ నిమిషంలో అతను నవ్వకుండా ఉండాల్సింది.

"నవ్వుతున్నరా! గారెల చెయ్యితోని డిస్కు ముట్టుకుని నవ్వుతున్నరా?"

"సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్న మేడం!"

"మరి నూనె ఎక్కడిది? వాసన చూడున్రి. బుధవారం నేను రిపోర్టియ్యాలె. గిట్లనే అయితె ఎర్రదే రాస్త. సర్వీసు హైదరాబాద్‌ల."

సర్వీసు పోతే పోయింది. అప్పుడు ఆమెకు నల్లగొండ రావాల్సిన పనే ఉండదు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో అర్థంకాక, విజేందర్ దారి పొడుగునా బండిని నడిపించుకుంటూ వచ్చాడు.

షాపులో చక్రం ఊడదీశాడు. ప్యాడ్లు తీశాడు. డిస్కు నిండా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటి అంచున ఏదో పచ్చగా కనిపించింది. గోటితో గీరి చూశాడు. పసుపు.

"బాపూ, దసరనాడు నీలం బండికి పూజ చేసినవా?"

"చెయ్యకుంట ఉంటనా? నువ్వు నీ చేతుల్తోని బిగించిన బండి." బీరప్ప వెనుక గదిలోంచి సంబరంగా చెప్పాడు. "మీ అమ్మ లెక్కనే, నువ్వులనూనెల పసుపు కలిపి మూడు బొట్లు పెట్టిన. గా గుండ్రటి రేకు సూర్యుని లెక్క మెరుస్తాంది, దానికే పెట్టిన. కొత్త బండి, మేడం ఏమన్న అనుకుంటదని తెల్లారి గుడ్డతోని తుడిచిన. ఏమైందిరా?"

అమ్మ పోయి ఆరేళ్లు. పొయ్యి ముట్టించడం కూడా రాని బాపు, ఈ ఆరేళ్లలో గారెలు నేర్చుకున్నాడు. చిల్లు మధ్యలో పడదు, ఎప్పుడూ ఒక పక్కకే పడుతుంది. అయినా ప్రతి దసరాకు చేస్తాడు.

"ఏం లేదు బాపు," అన్నాడు విజేందర్. బయటికి వచ్చి ఫోన్ చేశాడు.

"మేడం, తప్పు నాదే. చెయ్యి సరిగ్గ కడుక్కోలె."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"పొద్దున రెండుసార్లు కడుక్కున్నన్నరు."

"అబద్ధమాడిన."

"ఎప్పుడు? పొద్దునా, ఇప్పుడా?"

విజేందర్ గోటి కింది పసుపును అంగీకి తుడుచుకున్నాడు.

"ఆ ప్యాడ్లు పారెయ్యకున్రి," అంది సుమన. "రేపొస్త."

అన్నట్టే మంగళవారం వచ్చి, నేల మీదే కూర్చుని ప్యాడును వెలుతురుకు ఎత్తి తిప్పి చూసింది. డిస్కును ముక్కు దగ్గర పెట్టుకుంది. కోపం లేదు. కొత్త బొమ్మను విప్పి చూసే పిల్లలా కళ్లు మెరుస్తున్నాయి.

"మీ ఇంట్ల గారెలకు పసుపేస్తరా?"

"ఆ... వేస్తం."

"ఎందుకు?"

"రంగు కోసం."

"గారెలకు పసుపేందిరా పిచ్చోడా!" చాయ్ పట్టుకొచ్చిన బీరప్ప గుమ్మంలోనే నవ్వాడు. "పసుపు పెట్టింది నేను బిడ్డా, పూజకు..."

మాట సగంలో ఆగింది. ప్యాడ్ల వంక చూశాడు. తల దించుకున్న కొడుకు వంక చూశాడు. చాయ్ గ్లాసు పట్టుకునే గుమ్మం దాటి వచ్చాడు.

"నా పసుపుతోనేనా బండి ఆగనిది? నువ్వు గిట్ల పడ్డవా బిడ్డా?"

సుమన లేచి గ్లాసు అందుకుంది. "పూలల్ల పడ్డ కాకా, ఏం గాలె. నాకో సంగతి చెప్పున్రి. బొట్లు మూడే ఎందుకు?"

బీరప్ప తడబడ్డాడు. ఆ సంగతి ఆరేళ్లుగా అతన్ని ఎవరూ అడగలేదు.

"మా ఆమె చెప్పేది. ఒకటి మంచిగ పొయ్యేటందుకు, ఒకటి జాగల ఆగేటందుకు, ఒకటి ఇల్లు చేరేటందుకు."

సుమన నోట్‌బుక్కు తీసి ఆ మూడూ రాసుకుంది.

"గిదే నా రిపోర్టుల లేకపోయె. కాకా, ఇప్పట్నించి హ్యాండిల్ మీద పెట్టున్రి. నడిపే పిల్ల కండ్ల ముందుంటది. ఈ బ్రేకు పాసైతె, ఇరవై బండ్లకు మీరే పెట్టాలె."

"ఇరవైకా?" అన్నాడు బీరప్ప. అతని ముఖంలోకి నిదానంగా వెలుగు తిరిగి వచ్చింది.

ఆయన లోపలికి వెళ్లాక ఆమె విజేందర్ వైపు తిరిగింది. "అబద్ధం ఆడొస్తలేదు మీకు."

"అందుకే బ్రేకులు నేర్చుకున్న."

బుధవారం సన్నగా తుంపర. డిస్కును స్పిరిటుతో తుడిచి, కొత్త ప్యాడ్లు వేసి, మళ్లీ ఇరవైసార్లు మెల్లగా ఆపి చూశారు. ఈసారి అరుపు లేదు. ఎర్ర బండిని మళ్లీ నడిపితే తడి రోడ్డు మీద ఐదు మీటర్లకు ఆగింది. అక్కడ సున్నపురాయి పెట్టారు. దానికి రెండు జానల లోపు ఆగితే నీలం బండి పాసైనట్టే.

"మీ పని మీద మీకు నమ్మకముందా?" పైనుంచి అరిచింది సుమన.

"ఉంది!"

"ఎంత?"

విజేందర్ నడిచి వెళ్లి, ఆ రాయికి రెండు జానల అవతల రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"ఏయ్! జరుగున్రి! నేను ఉత్తగ అన్న!"

"నేను ఉత్తగ నిలబడలె. రాన్రి!"

ఆమె చాలాసేపు రాలేదు. తర్వాత వచ్చింది. వాన చినుకులు, నీలం బండి, బిగపట్టిన పెదవులు పెద్దవవుతూ వచ్చాయి. గీత మీద రెండు వేళ్లు లివర్లను నొక్కాయి. ఏ చప్పుడూ లేకుండా బండి రాయి దాటి, అతని చెప్పులకు జానెడు దూరంలో నిలబడింది.

టేపు ఆమె జేబులోనే ఉంది. ఇద్దరూ తీయలేదు.

"ఆగకపోతె?" అంది, రొప్పుతూ.

"ఆగకపోతె తంగేడు పొదల ఇద్దరం పడుదుము."

"నవ్వులాట కాదు. నా చేతులు వణుకుతున్నయి, చూడున్రి."

అతను చూశాడు. అనుమతి అడిగినట్టు ఒక క్షణం ఆగి పట్టుకున్నాడు. "కడుక్కున్న చెయ్యే మేడం."

"మేడం ఎవరు?" అంది ఆమె, చెయ్యి వెనక్కి తీసుకోకుండా.

సాయంత్రం షాపు మెట్టు మీద కూర్చుని రిపోర్టు పూర్తి చేసింది. నీలం బండి బ్రేకు పాస్. సర్వీసు చేసేవారు, విజేందర్. దాని పక్కన 'ఎంత కాలం' అనే గడి ఖాళీగా ఉంది.

"గిది మర్చినవ్," అన్నాడు విజేందర్.

"మర్చిపోలె. నిన్నడిగి రాద్దామని."

అతను పెన్ను తీసుకున్నాడు కానీ రాయలేకపోయాడు. ఆ గడి మరీ చిన్నది.

అంతలో బీరప్ప వచ్చి సుమన చేతిలో నాలుగు జమ్మి ఆకులు పెట్టాడు. "పండుగనాటివి బిడ్డా, జర ఎండినయి. అయినా బంగారం పాతబడదు." దసరాకు బంగారమంటూ అయినవాళ్ల చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే ఆకులవి. సుమన వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"వచ్చే దసరకు గారెలు నేను చేస్త బాపూ. చిల్లు నడుమ పడేటట్టు."

కాకా కాదు, బాపు. ఆ మాట ముగ్గురికీ వినిపించింది.

బీరప్ప లోపలికి నడిచాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి కొడుకును కేకేసి తలుపు దగ్గరికి వేస్తాడు. ఆ రోజు కేకేయలేదు. మెట్టు మీది మాటలు చెదిరిపోకుండా, కిర్రుమనే ఆ పాత తలుపును ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని మెల్లగా మూశాడు.