చివరి రీలు

చీకటి పడ్డాక ఆ సినిమా హాలు వైపు ఎవరూ వెళ్ళరు. పగలు వెళ్ళాల్సి వచ్చినా తల వంచుకుని గబగబా దాటేస్తారు. మూతపడి ఇన్నేళ్ళయినా రాత్రిళ్ళు లోపల కుర్చీలు టప్... టప్మంటాయట — ఎవరో వచ్చి కూర్చుంటున్నట్టు!

ఆ హాలుది మొదట్నుంచీ దిక్కుమాలిన చరిత్రే. మొదట డేరా. గాలివానకి అది ఎగిరిపోతే రేకుల షెడ్డు. తర్వాత గోడలు లేచాయి. పట్నంలో పడగొట్టిన హాలు నుంచి స్ప్రింగు కుర్చీలు తెచ్చి వేశారు — మనిషి కూర్చుంటే టప్పున దిగి, లేస్తే టప్పున మూసుకునేవి. అన్నీ వచ్చాయి గానీ యజమానికి బుద్ధి మాత్రం రాలేదు.

ఆయన్ని ఊరంతా కత్తెర అనేవాళ్ళు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ప్రొజెక్టర్లో మండి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు అరిగిపోతాయని ఏ సినిమాకీ చివరి రీలు వేయనిచ్చేవాడు కాదు. కథ మంచి పట్టులో ఉండగా లైట్లు వెలిగేవి. గేటు దగ్గర నిలబడి, "అయిపోయింది! లేవండి, లేవండి!" అని అరిచేవాడు.

జనమూ తక్కువేం తినలేదు. సినిమా అంటే అలాగే మధ్యలో ఆగుతుంది కాబోలనుకుని నోరు మూసుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. వీళ్ళకంటే గొర్రెలు నయం.

అడిగేది ఆయన భార్య ఒక్కతే. మూడో వరుసలో చివరి కుర్చీ ఆవిడది.

"ఏవండీ, చివరికి ఆ పిల్ల ఏమైందండీ?"

"పెళ్ళయింది. పద ఇంటికి."

ప్రేమ కథైనా అదే జవాబు, దొంగల కథైనా అదే. పాపం, ఆ పిచ్చితల్లి అలా అడుగుతూ అడుగుతూనే కన్నుమూసింది. ఆ తర్వాత హాలూ మూతపడింది.

ఇన్నాళ్ళకి, గోడౌనుకి పనికొస్తుందని ఓ సిమెంటు వ్యాపారి వచ్చాడు. కత్తెరకి ప్రాణం లేచొచ్చింది. ఈ బేరం తప్పితే ఆ పాడు కొంపని ఇంకెవడూ ముట్టడు, ముసలితనంలో ఆయనకి వేరే దిక్కూ లేదు.

"కూలీలు లోపల అడుగు పెట్టేది లేదంటున్నారు పెద్దాయనా," అన్నాడు వ్యాపారి. "ఒక్క రాత్రి మీరే పడుకుని చూపించండి. తెల్లారేసరికి వచ్చి సంతకం పెడతాను."

"దెయ్యాలట, గాడిద గుడ్డు! చవటల ఊరు!" అని ఈసడించుకుని, దుప్పటి చంకన పెట్టుకుని, లాంతరు పట్టుకుని కత్తెర లోపలికెళ్ళాడు. వ్యాపారి బయట తాళం వేసుకుని పోయాడు.

టప్...

ఎలుకలనుకున్నాడు.

టప్... టప్...

లాంతరు ఎత్తి చూశాడు. ముందు వరుసలో ఓ కుర్చీ దిగి ఉంది. చూస్తుండగానే దాని పక్కదీ దిగింది. తర్వాత వెనక వరుస... దాని వెనక వరుస... హాలంతా దిగిపోయింది — కానీ ఒక్క మనిషీ లేడు!

అయినా పాత అలవాటు ఊరుకుంటుందా?

"అ... అయిపోయింది. లేవండి, లేవండి!"

ఒక్క కుర్చీ కదల్లేదు. చీకట్లోంచి గుసగుస...

"కాలేదు."

ఇంకో మూలనుంచి...

"చివరి రీలు... చెప్పు."

కత్తెరకి పైప్రాణాలు పైనే పోయాయి. చెబుదామంటే తెలిస్తేగా! ఆ వేళకి ఆయనెప్పుడూ గేటు దగ్గరే. ఊరందరికీ ఎగ్గొట్టిన చివరి రీళ్ళు — ఆ మహానుభావుడు తనూ ఏనాడూ చూడలేదు! ఇక చేసేదేముంది? నోటికొచ్చింది అల్లడం మొదలుపెట్టాడు.

తెల్లారి వ్యాపారి తలుపు తీశాడు. కత్తెర నేలమీద చతికిలబడి, బొంగురుపోయిన గొంతుతో ఖాళీ కుర్చీలకి కథ చెబుతున్నాడు. కుర్చీలన్నీ దిగే ఉన్నాయి.

గుమ్మంలోంచి వెలుగు పడగానే — టప్, టప్, టప్... వరుస తర్వాత వరుస మూసుకుంటూ వచ్చాయి. వ్యాపారి, ఎందుకో తనకే తెలియకుండా, పక్కకి జరిగి దారి వదిలాడు. చేతిలో ఉన్న కలాన్ని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"బేరమూ వద్దు, ఏమీ వద్దు పెద్దాయనా," అన్నాడు. "అందరూ... పోయినట్టున్నారు. మీరూ లేవండి, పోదాం."

"ఎలా లేవను?"

మూడో వరుస చివర ఒక్క కుర్చీ ఇంకా దిగే ఉంది. కత్తెర దానివైపే చూస్తూ గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ. పెళ్ళయిందంటే నమ్మడం లేదు."