నెట్టులో కొన్న టైరు

మిట్టమధ్యాహ్నం కొత్త టైరును భుజాన తగిలించుకుని, గాలి పోయిన బండిని తోసుకుంటూ వచ్చి యోగానంద షాపు ముందు ఆగాడు.

రేవతి అప్పటికే ఆ పొద్దు ఏడు పంక్చర్లు వేసింది. నడుము పీకుతోంది. నాయన గంగాధరానికి కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి రేణిగుంట రోడ్డు మీది ఆ టైర్ల షాపు ఆమె ఒక్కదానిదే.

"యాడ కొన్నావు?" అంది. సార్ అనడం మర్చిపోయింది.

"నెట్టులో. కొరియర్‌లో వచ్చింది. దీన్ని వేయించుకోను పోతా ఉంటే పాతది దోవలో చీలిపోయింది. మూడు షాపులు తిరిగినా, బయట కొన్న టైరు మేం ఎక్కించం అంటా ఉండారు."

"అందుకని ఈడికి వచ్చినావా?"

అతను భుజం మీది టైరు కిందికి దించాడు. మందుల కంపెనీలో పని. ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఏడాదిగా వారానికి రెండుసార్లు గాలి పట్టించుకోవడానికి వచ్చేవాడు. "నిండుగా ఉండాది సార్" అన్నా, "అయినా ఒకసారి సూడు" అనేవాడు. నెల రోజులుగా జాడ లేదు. ఇన్నాళ్ళకు వస్తూ బయట కొన్న టైరు తెచ్చాడు.

"సవకగా వచ్చిందా?"

"కొరియర్‌తో కలిపితే ఈడి రేటే పడింది."

"మరి ఎందుకప్పా?"

అతను బండికి స్టాండు వేశాడు. పోట్లాడే ఓపిక ఆమెకు లేదు. టైరును తిప్పి, పక్కన దుమ్ము తుడిచి చూసింది.

"ఈ నాలుగంకెలు సూడు. తయారైన వారం, ఏడాది. నాలుగేళ్ళ కిందటిది. ఇన్నాళ్ళూ ఏ గోడౌన్లోనో ఎండింది. రబ్బరు రాయైపోయింది. దీంతో వానలో భాకరాపేట ఘాటు రోడ్డు దిగుతావా? నేను ఎక్కించను."

"నువ్వు కూడానా? ఎక్కించు రేవతీ. తోసి తోసి ఓపిక లేదు నాకు."

"నాకుండాదా ఓపిక?"

విసురుగా లోపలికి పోయి, అటక మీంచి ఇంకో టైరు దించి తెచ్చింది.

"నీ బండిదే కొలత. మూడు నెలల్నుంచి ఎవరడిగినా లేదని చెప్తా ఉండా. నీది అరిగిపోతా ఉండాదని తెలుసు గదా."

యోగానంద ఆ టైరును చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీకు గూడూరు సంబంధం ఖాయమయ్యేట్టు ఉండాదని మీ నాయన చెప్పినాడు. ఆ పొద్దు నుంచి ఈ పక్కకు రాలేకపోయినా. నెట్టులో అయితే ఎవురి మొగమూ సూడాల్సిన పని లేదు గదా."

రేవతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"గూడూరోళ్ళకు వద్దని నేనే చెప్పినా. ఇప్పుడు నీ మనసులో మాట కూడా నేనే చెప్పాల్నా?"

"వద్దు. నేనే చెప్తా. నన్ను చేసుకుంటావా?"

ఆమె తల ఊపింది.

"మీ నాయన ఇంట్లో ఉండాడా?"

"ఉండాడు. ముందు దీన్ని ఎక్కించనీ."

అతను చక్రం పట్టుకుంటే ఆమె కడ్డీలతో టైరు ఎక్కించింది. పనయ్యాక అతని చేతుల్లో సబ్బుపొడి వేసి చెంబుతో నీళ్ళు పోసింది. ఎంత రుద్దినా మసి వదల్లేదు.

"ఈ చేతుల్తో వస్తే మీ నాయన ఏమనుకుంటాడో!"

"ముప్పై ఏండ్లుగా మా ఇంట్లో అందరివీ ఇవే చేతులు. ఏమీ అనుకోడు."

షట్టరు దించి తాళం వేసి, అతని బండి వెనక సీట్లో కూర్చుంది రేవతి.