చివరి గదిలో ఇరవై నిమిషాలు

మా వదిన ఆఫీసులో నడవా చివర ఒక గది ఉంది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళ కళ్ళు పోతాయని దానికి చెడ్డపేరు. ఒకప్పుడు అక్కడ ఎక్స్‌రే తీసేవాళ్ళట. తన ఫిల్ము కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న ఒకావిడ పేరు పిలిచేలోపే పోయిందట… ఇంకా ఎదురుచూస్తూనే ఉందట. ఊడ్చే మనిషి గుమ్మం దాకా ఊడ్చి చీపురు వెనక్కి తిప్పేస్తుంది. లోపల కూడా ఊడవమంటే రేపు అంటుంది.

ఇందులో నేను దగ్గరుండి చూసింది తప్ప మిగతాదంతా వదిన నోట విన్నదే. వదిన ఒక పట్టాన చెప్పే మనిషి కాదు. నేను ఒక పట్టాన వదిలే మనిషిని కాను. అందుకే ఈ మాత్రమైనా బయటికొచ్చింది.

ముందు వదిన పని ఏమిటో చెప్పాలి. లేకపోతే మీకు ఏమీ అర్థం కాదు.

పాత సినిమాల్ని శుభ్రం చేసి, డిస్కుల మీదికెక్కించి అమ్మే కంపెనీ వాళ్ళది. మామూలు సినిమాలు కావు. పెద్ద పెద్ద దర్శకులు తీసినవి, బహుమతులు బస్తాలకొద్దీ వచ్చి, హాల్లో మాత్రం వారం కూడా ఆడనివి. ఒక సినిమాలో ఒకాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు. పది నిమిషాలు చూస్తాడు. ఆ కిటికీ తలుపేదో నేనే వెళ్ళి వేసేద్దామనిపించింది నాకు. అయినా వాటిని కొనుక్కుని కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాళ్ళున్నారు. బొమ్మ మీద ఒక గీత కనపడితే కంపెనీకి ఉత్తరం రాస్తారు, ఆ గీత తుడవబోయి మొహం నున్నగా చేసేస్తే ఇంకో ఉత్తరం రాస్తారు. అందుకని డిస్కు బజారుకి పోయేముందు ఒక మనిషి మొదటినుంచి చివరిదాకా చూసి, ఎన్నో నిమిషంలో ఏం తప్పుందో పట్టీ రాసి, కింద సంతకం పెట్టాలి. ఇప్పుడు ఆ సంతకం వదినది. ఆ చూసే గది, ఆ చివరి గది.

వదినకి ముందు ఆ కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవాడు. భూతద్దం మాస్టారు అనేవాళ్ళు. వదినకి పని నేర్పింది ఆయనే. ఆయనకో పద్ధతి ఉండేది. బొమ్మ వెయ్యకముందు తలుపు మూసి, దీపాలన్నీ ఆర్పి, ఫోను బయట పెట్టేసి, చీకట్లో ఊరికే ఇరవై నిమిషాలు కూర్చునేవాడు. ఎందుకు మాస్టారూ అంటే, కూర్చో అమ్మా, నీకే తెలుస్తుంది అనేవాడట. మనసు కుదుటపడటానికి కాబోలు అనుకుంది వదిన. మిగతావాళ్ళు దాన్ని మాస్టారి తపస్సు అని నవ్వుకునేవాళ్ళు.

పోయినేడు ఆయన ఒక సినిమా చూసి పట్టీలో ఇలా రాశాడు: నలభై ఒకటో నిమిషం, బిడ్డ వెనక చీకట్లో ఒక స్త్రీ.

వాళ్ళ మేనేజరు ఉన్నాడే… తొందర సారంటారు, ఆయన అన్నం కూడా నిలబడే తింటాడు. వచ్చి, తలుపు సగం తెరిచి, గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండా అర నిమిషం చూశాడు. ఏమీ లేదన్నాడు. ఎందుకైనా మంచిదని, బయట దీపం కింద కూర్చుని పట్టీలు రాసుకుంటున్న వదినని పిలిచాడు.

"మీకేమైనా కనపడుతోందా?"

వదిన చూసింది. నల్లగా ఉంది, అంతే. కనపడట్లేదు సార్ అంది. ఉన్నమాటే చెప్పింది.

మాస్టారు కుర్చీ వెనక్కి జరిపి, చొక్కా సర్దుకుని, ఇంటికెళ్ళిపోయాడు. ఆయన కళ్ళు పోయాయని ఆఫీసంతా చెప్పుకున్నారు. ఆయన తర్వాత వచ్చినాయన పదిహేను రోజులుండి, తలనొప్పని మానేశాడు. ఆ కుర్చీ వదినకొచ్చింది. ఆ సినిమా కూడా, ఏడాదిపాటు మూలపడి ఉండి, చివరికి వదిన బల్ల మీదికే వచ్చింది.

ఇక నా సంగతి. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. వచ్చేపోయేవాళ్ళ మీద ఒక కన్ను ఎప్పుడూ ఉంటుంది నాకు. వదిన నాలుగు రోజులుగా తేడాగా ఉంది. కూరల బజారుకని వెళ్ళి ఖాళీ సంచితో వచ్చింది. అన్నయ్య అడిగితే నీళ్ళు నమిలింది. రాత్రి దీపం ఆర్పగానే ఉలిక్కిపడి మళ్ళీ వేస్తోంది. అన్నయ్యకి తెలియకుండా ఏదో నడుస్తోందని నాకు అనుమానం పట్టుకుంది. తప్పే, ఒప్పుకుంటాను, ఆవిడ సంచీ వెతికాను. అందులో కళ్ళలో వేసుకునే మందు సీసా ఉంది.

సీసా ఎదురుగా పెట్టి అడిగాను. వదిన తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

ఆ సినిమాలో ఒక మూడేళ్ళ పిల్ల గదిలో ఒంటరిగా కూర్చుని తండ్రి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నాలుగు నిమిషాలపాటు కెమెరా కదలదు. పిల్ల పక్కన ఒక దీపం… వెనకంతా చీకటి.

వదిన మాస్టారు నేర్పినట్టే ఇరవై నిమిషాలు కూర్చుని బొమ్మ వేసింది. నలభై ఒకటో నిమిషం వచ్చింది.

పిల్ల వెనక… ఎవరో నిలబడ్డారు.

వదిన పట్టీ రాయడం ఆపి చూసింది. బీరువా పక్కన ఒక ఆడమనిషి. కదలదు. పిల్లనే చూస్తోంది. వదిన కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది — ఆ ఆడమనిషి చెయ్యి కొంచెం పైకి లేచింది.

వదిన లేచి తలుపు తీసి నడవాలో పడింది. గ్లాసుడు నీళ్ళు తాగి, గుండె చిక్కబట్టుకుని తిరిగొచ్చి చూస్తే… అక్కడ ఎవరూ లేరు. అదే బొమ్మ, అదే నిమిషం, ఉత్త నలుపు.

అప్పట్నుంచి వదిన అందర్నీ అనుమానించింది. చూసేవాళ్ళు మెలకువగా ఉన్నారో లేదోనని కంపెనీవాళ్ళే అప్పుడప్పుడు కావాలని ఒక తప్పు పెడతారట. ఇదీ అలాంటిదేమో అనుకుంది. పక్కగదిలో సౌండు చూసేవాడు ఆట పట్టిస్తున్నాడేమో అనుకుంది. చివరికి తన కళ్ళనే అనుమానించి, మాకు బజారని చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన అన్ని పరీక్షలూ చేసి, కళ్ళు దివ్యంగా ఉన్నాయి, మందు చల్లగా ఉంటుందంతే అని ఒక సీసా చేతిలో పెట్టాడు. ఆ మాటతో వదినకి ఇంకా భయమేసింది. కళ్ళు బాగుంటే మరి కనపడింది ఏమిటి?

"రాస్తే నన్నూ మాస్టారిని పంపినట్టే పంపేస్తారు," అంది వదిన. "రాయకపోతే నా సంతకం మీద తప్పు బయటికి పోతుంది. నాకు వచ్చిన పని ఈ ఒక్కటే."

నేనొచ్చి చూస్తాను పద అన్నాను. ఆ క్షణాన ధైర్యం బాగానే ఉంది.

సెలవు రోజు వెళ్ళాం. బయట మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతోంది. ఆ గదిలోకి అడుగుపెడితే అర్ధరాత్రి. కిటికీ లేదు, గోడలకి నల్లరంగు, నా చెయ్యి నాకే కనపడలేదు. వదిన నలభై ఒకటో నిమిషం పెట్టి, చూడు అంది.

పిల్ల ఉంది, దీపం ఉంది. వెనక నలుపు.

"ఏమీ లేదు వదినా," అన్నాను.

వదినకీ ఆ క్షణాన ఏమీ కనపడలేదు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఏడుపు కాదు అది, చేతిలోది జారిపోయినప్పటి మొహం. వెళ్ళిపోదాం పద అంది. కానీ ఆ నడవాలో ముందు నడవడానికీ భయమే, వెనక నడవడానికీ భయమే నాకు. కాళ్ళు నొప్పులని అబద్ధమాడి అక్కడే కూలబడ్డాను. వదిన ఏం చెయ్యాలో తోచక సినిమా మొదటినుంచి పెట్టింది. నేను గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. ఒకడు మెట్లెక్కుతాడు. ఎక్కుతూనే ఉంటాడు. చీకటి మెట్లు, చీకటి వీధి, చీకటి ఇల్లు…

నలభై ఒకటో నిమిషం మళ్ళీ వచ్చింది.

ముందు నాకొక బట్ట మడత కనిపించింది. కుట్టుపని చేసేదాన్ని, మడత ఎక్కడున్నా నా కంటికి చిక్కుతుంది. నలుపులో నలుపు మడత. దాని పైన భుజం. ఆ పైన… మొహం.

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఉంది కదూ అంది. ఉంది అన్నాను.

వదిన లేచి తలుపు తెరిచింది. వెలుగు పడింది. నడవాలో కాసేపు నిలబడి మళ్ళీ లోపలికొచ్చి చూస్తే, ఇద్దరికీ ఏమీ కనపడలేదు. తలుపు మూసి ఊరికే కూర్చున్నాం. ఎప్పటికో ఆ మడత మెల్లగా బయటికొచ్చింది, తర్వాత భుజం, తర్వాత మొహం. దెయ్యం ఎటూ పోలేదు. వెలుగులోంచి వచ్చిన కళ్ళకి కనపడలేదు, అంతే. మాస్టారి తపస్సు ఎందుకో అప్పుడు తెలిసింది మాకు.

వదిన రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "ఆ రోజు నేను దీపం కిందనించి లేచి వచ్చాను," అంది. "ఆయన్ని పంపింది సారు కాదు. నేనే పంపాను."

మర్నాడు తొందర సారుని కూర్చోబెట్టిందట. ఫోను లాక్కుని బయట పెట్టి, ఇరవై నిమిషాలు. ఆయన పదిహేనుసార్లు లేవబోయాడట. బొమ్మ వచ్చాక మాత్రం కూర్చున్న చోట బిగుసుకుపోయాడు. తర్వాత గబగబా ఫోన్లు చేశాడు. ఆ సినిమాలో పిల్ల వేషం వేసినావిడ ఇప్పుడు మనవలున్న మనిషి. విని పకపకా నవ్విందట. అది మా అమ్మ అందట. కొత్తవాళ్ళని చూస్తే గుక్కపట్టి ఏడ్చేదాన్నని అందరినీ బయటికి పంపేసి, అమ్మకి నల్లబట్టలు కట్టి చీకట్లో నిలబెట్టారు. గదిలో నేనూ, అమ్మా, కెమెరా వెనక ఇద్దరు మగవాళ్ళూ, ఇంకో ప్రాణి లేదు అందట. పాత కాపీల్లో ఆ నలుపు ముద్దగా ఉండి ఆ తల్లి అందులో మునిగిపోయింది. ఈసారి మొదటి నెగెటివ్ నుంచి తీశారు కాబట్టి బయటపడింది.

అమ్మని తుడిచెయ్యకండి, ఉండనివ్వండి అని బతిమాలిందట ఆవిడ. సరేనన్నారు. వదిన పట్టీలో 'ఒక స్త్రీ' అని రాసింది, ఇక సంతకం పెట్టేస్తే అయిపోయింది. కానీ వదిన ఒక్కటే అడిగింది: ముందు మాస్టారు చూడాలి, తర్వాతే సంతకం.

మాస్టారిని తీసుకురావడానికి వదినతోబాటు నేనూ వెళ్ళాను. ఆయన కళ్ళకేమీ కాలేదు. కానీ నీ కళ్ళు పోయాయని అందరూ అన్నాక ఆయన నమ్మేశాడు. ఏడాదిగా గోడ పట్టుకుని నడుస్తున్నాడట, ఒక్కడూ వీధి దాటడట. వదిన ఆయన ముందు నిలబడి, ఆవిడ ఉంది మాస్టారూ, నేను చూశాను, నన్ను క్షమించండి అంది. ఆయన చెప్పులు వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చాడు.

సాయంత్రం దాటింది. గదిలో నలుగురం కూర్చున్నాం: మాస్టారు, వదిన, తొందర సారు, నేను. ఇరవై నిమిషాలు ఎవరి ఊపిరి వాళ్ళకి వినపడింది. వదిన బొమ్మ వేసింది.

మెల్లగా ఆవిడ వచ్చింది. మడత, భుజం, మొహం. అమ్మ అని తెలిశాక నాకు భయం కూడా వెయ్యలేదు, ముద్దొచ్చింది. చూశారా మాస్టారూ అంది వదిన.

మాస్టారు ముందుకి వంగాడు.

"ఈవిడ తల్లి… సరే," అన్నాడు మెల్లగా. "తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడిందే, ఆవిడెవరు?"

వదిన ఆయన వైపు తిరిగింది.

"పోయినేడు పట్టీ రాసేశాక కనపడిందమ్మా. ఒకావిడ సంగతి రాస్తేనే నమ్మలేదు కదా… రెండో ఆవిడ సంగతి చెప్పలేదు."

తొందర సారు చటుక్కున ఫోను దీపం వెలిగించాడు. అది ఎప్పుడు జేబులో వేసుకొచ్చాడో! తెల్లటి వెలుగు అందరి కళ్ళలో పడింది. బొమ్మ మీద చూస్తే తల్లీ లేదు, ఎవరూ లేరు. ఆయన వదిన వైపు తిరిగాడు. ఆ చూపు ఏం చెప్తోందో నాక్కూడా తెలిసింది: ముసలాయన కళ్ళు నిజంగానే పోయాయి, నువ్వూ ఒక మాట అనెయ్యి.

"మీకేమైనా కనపడుతోందా?" అన్నాడు.

వదిన మాస్టారి మొహం చూసింది. ఆయన తల దించుకున్నాడు. చెయ్యి అప్పుడే గోడ కోసం వెతుకుతోంది.

"ఇప్పుడే చెప్పలేను సార్," అంది వదిన. "దీపం ఆర్పండి. మళ్ళీ కూర్చుందాం."

దీపం ఆరింది. మళ్ళీ ఇరవై నిమిషాలు. నేను మాత్రం కళ్ళు గట్టిగా మూసుకున్నాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. బొమ్మ మొదలైన చప్పుడు వినపడింది. పిల్ల ఏదో తనలో తను మాట్లాడుకుంటోంది. తర్వాత కుర్చీ కీచుమంది, తలుపు తెరుచుకుంది, నడవాలో పరుగులాంటి అడుగులు దూరమయ్యాయి. తొందర సారువే.

వదిన గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి.

నేను కళ్ళు తెరిచేసరికి బొమ్మ ఆగిపోయింది, బల్ల మీద చిన్న దీపం వెలుగుతోంది. వదిన మాస్టారి చెయ్యి గోడ మీంచి తీసి తన భుజం మీద వేసుకుంది. పట్టీ ముందుకి లాక్కుని, 'ఒక స్త్రీ' అన్నది కొట్టేసి 'ఇద్దరు' అని రాసి, కింద సంతకం పెట్టింది.