పుంగనూరు దిగుడులో తాళం చెవి

"సరోజమ్మ పగలు పన్నెండు గంటల్లోగా కుప్పం రైల్వే స్టేషన్‌కు చేరాలి. ప్రాణాలతో," అన్నాడు చీఫ్ ఫోనులో. "ఆ విదేశీ ముఠా నాయకుడి మొహం చూసింది ఆమె ఒక్కతే. వాడు రైలెక్కేస్తే ఇక దొరకడు."

1998 వేసవి. ఏజెంట్ ముద్దుకృష్ణ మెకానిక్ వేషంలో మదనపల్లెలో సరోజమ్మ ఇంటికి చేరేసరికి ఉదయం ఆరయింది. ముఠాలో ఉంటూనే మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ నవనీత అప్పటికే వాకిట్లో ఉంది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, పక్కన సరోజమ్మ కారు, చేతిలో కొత్త వ్యాక్యూమ్ పంపు.

"నిన్న మావాళ్లు ఈ కారుకు చెడిపోయిన పంపు బిగించినారు. బ్రేకుకు బలమిచ్చేది ఇదే. ఇది లేకుంటే పెడలు రాయి మాదిరి అయిపోతాది, దిగుడులో బండి నిలబడదు. మార్చు."

"నేనా?"

పెన్నులో కెమెరా, బూటులో కత్తి పెట్టుకుని తిరిగే మనిషికి ఏ బోల్టుకు ఏ స్పానరో తెలియదు. పంపు ఉండే డైనమో వెనక చెయ్యి దూరలేదు. ఆయిలు గొట్టం ఊడి మొహమంతా నూనె. ముద్దుకృష్ణకు ఏడుపొక్కటే తక్కువ.

"జరుగప్పా," అని నవనీత కొంగు దోపింది. అరగంటలో పంపు బిగించి, బ్రేకు తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేసింది. పెడలు మెత్తగా దిగింది. "సూడమ్మా, ఇంజన్ తిరుగుతాంటేనే పంపు తిరుగుతాది," అంది కాఫీ తెచ్చిన సరోజమ్మతో.

నవనీతను అక్కడే వదిలి బయల్దేరారు. పుంగనూరు దాటాక దిగుడు మొదలైంది. వెనక సీట్లో ముద్దుకృష్ణ హాయిగా కళ్లు మూసుకున్నాడు. ఉన్నట్టుండి కారులో చప్పుడు ఆగిపోయింది.

"ఇంజన్ ఎందుకు ఆపావు?"

"దిగుడే కదా సార్," అన్నాడు డ్రైవరు చిన్నస్వామి. "డీజిలు మిగులుతాది. ఎప్పుడూ ఇట్లే."

మలుపులో రోడ్డుకడ్డంగా లారీ. ముఠా పనే. చిన్నస్వామి బ్రేకు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. మూడోసారికి పెడలు బిగుసుకుపోయింది.

"సార్! పెడలు దిగలా!"

ముద్దుకృష్ణ పిస్టల్ తీశాడు. ఎవరిని కాల్చాలి? బ్రేకునా? ఇంత చేతకాని క్షణం అతని సర్వీసులో లేదు.

ముందు సీట్లోంచి సరోజమ్మ వంగి తాళం చెవి తిప్పింది. ఇంజన్ గుర్రుమంది. పెడలు దిగింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది. లారీలోంచి ఇద్దరు దూకి మామిడితోటలో పడి పారిపోయారు.

పన్నెండుకు పది నిమిషాలుండగా కుప్పం ప్లాట్‌ఫారం మీద రైలెక్కబోతున్న ముఠా నాయకుడిని సరోజమ్మ వేలెత్తి చూపించింది. పోలీసులు వాడికి బేడీలు వేశారు.

తిరుగు ప్రయాణంలో దిగుడు వచ్చినప్పుడల్లా చిన్నస్వామి చెయ్యి తాళం మీదికి పోయేది. అప్పుడల్లా ముద్దుకృష్ణ పిస్టల్ బయటికి తీసేవాడు. ఆ రోజంతా దానికి దొరికిన పని అదొక్కటే.