నలభై నాలుగేళ్ల నాయనమ్మ

"మీరు తల్లి కాబోతున్నారమ్మా!" ఫోన్‌లో నర్సు ఆ మాట అనగానే రిహాబ్ చేతిలోని గరిట జారి టమాటా పులుసులో పడింది. పెళ్లయి మూడు నెలలే! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి... "అత్తయ్యా!" అంటూ పరుగెత్తి నజీహాను చుట్టేసుకుంది. నజీహా డాబా ఎక్కి, నాలుక ఆడిస్తూ పెట్టిన శుభకేకకు మహ్దియా పట్నంలోని ఆ సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి!

గంట తిరక్కుండానే పక్కింటి నుంచి పెద్దత్త మన్నూబియా వచ్చింది. నజీహా చనిపోయిన భర్తకు అక్క ఆవిడ. ఆ ఇంట్లో ఎవరు పిల్లో, ఎవరు ఇల్లాలో, ఎవరు ముసలమ్మో తేల్చేది ఆవిడే. చంకలో మడతపెట్టిన తెల్లని సఫ్సారీ! ఒళ్లంతా కప్పుకునే ఆ బట్టను, మనవడో మనవరాలో వస్తున్నారని తెలిసిన రోజునే ఇంటి పెద్ద వచ్చి, అమ్మమ్మో నాయనమ్మో కాబోయే మనిషి భుజాన వేయడం అక్కడి ఆచారం.

"ఇదిగో ముసలమ్మా, కప్పుకో! శనివారం మన చుట్టాల పెళ్లిలో నా పక్కన గోడవారన చాప మీద కూర్చుందువు గాని. ఇక గంతులు చాలు!"

"వదినా... నాకింకా నలభై నాలుగేగా!"

"నాయనమ్మకు ఏళ్ల లెక్కేంటే?"

మన్నూబియా ఆ తెల్లబట్టను భుజాన వేసేయగానే నజీహా, శనివారం కోసం కుట్టించుకున్న దానిమ్మరంగు గౌనును మెల్లగా పెట్టెలో పెట్టేసింది. రిహాబ్ ఆ పెట్టెవైపే చూసింది! ఇరవై మూడేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఇరవై ఏళ్లపాటు 'పాపం విధవరాలు' అనిపించుకున్న మనిషి... మూడు నెలల క్రితం కొడుకు పెళ్లిలోనే కదా మొదటిసారి నవ్వుతూ ఆడింది! తన కడుపు పండిందన్న కబురే అత్తయ్య ఆటను ఆపేయాలా?

"పెద్దత్తా!" రిహాబ్ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. "పొద్దుటిదాకా నన్ను పిల్లా అన్నారు. ఇప్పుడు అమ్మా అంటున్నారు. బాగానే ఉంది, నాకిష్టం! కానీ ముసలమ్మ అనిపించుకోవడం అత్తయ్యకిష్టమా? ఒక్కరైనా అడిగారా?"

"నన్నెవరడిగారే?" గట్టిగా అరిచిన మన్నూబియా అంతలోనే గొంతు తగ్గించింది. "ముప్ఫై ఎనిమిదేళ్లు నాకప్పుడు! నా కూతురు నీళ్లోసుకుందనగానే మా అత్త ఇలాంటి బట్టే తెచ్చి కప్పింది. ఆ వారమే చెల్లెలి పెళ్లి... డప్పు మోగుతుంటే చాప మీద కూర్చుని, ఈ బట్ట కింద కాళ్లు ఆడించుకున్నాను. ఎవరికీ కనబడలేదులే..."

"వదినా!" నజీహా ఆవిడను గుండెలకు హత్తుకుంది. "ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెబితే నవ్వరూ, ఈ ముసలిదానికేం పోయేకాలం అని!"

నిజంగానే నవ్వొచ్చింది ముగ్గురికీ! ఏడుస్తూ నవ్వారు, నవ్వుతూ ఏడ్చారు... చివరికి మన్నూబియా ముక్కు తుడుచుకుని, నజీహా భుజం మీది తెల్లబట్టను లాగేసింది.

"ఆ పుట్టబోయేవాడికి నువ్వు నాయనమ్మవి. మాకు మాత్రం నజీహావే. ముసలమ్మ అనిపించుకోవాలని నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడే వచ్చి అడుగు, అప్పుడు కప్పుతాను. సరే, రేపు తొమ్మిదింటికల్లా ఇద్దరూ తయారుగా ఉండండి. దర్జీ దగ్గరికి వెళ్తున్నాం. శనివారానికి నాకూ ఒక గౌను కావాలి. రంగు నేనే చెబుతాను, మీరిద్దరూ నోరెత్తారో... చూసుకోండి!"